పూచీ సంతకం

“అక్క నన్ను చూడగానే మొహం మీదే తలుపేస్తుందేమోనే!” అన్నాను, మెట్ల మీదే ఆగిపోయి.

“వాన పడకముందే జలుబు తెచ్చుకుంటావమ్మా నువ్వు. పద,” అంది నా కూతురు.

నా లాండ్రీ కొట్టు కోసం తీసుకున్న అప్పుకు అక్క పూచీ సంతకం పెట్టింది. కొట్టు మూతపడగానే నేను మొహం చాటేశాను. అక్క తన కుట్టుమిషను అమ్మి అప్పు తీర్చింది. రెండేళ్ళుగా చర్చిలో అక్క కంట పడకుండా వెనక వరసలో నక్కుతున్నాను. అందరం కలిసి చెప్పే ప్రార్థనలో, ఋణాలు క్షమించమని ప్రభువును అడిగే మాట వచ్చేసరికి నేను పైకి పలకను. పెదవులు మాత్రం ఆడిస్తాను.

తలుపు తీసే ఉంది. అక్క ఎవరివో చొక్కాలకు చేత్తో గుండీలు కుడుతోంది. మిషను ఉండే చోట నేల మీద దాని కాళ్ళ మచ్చలు ఇంకా పోలేదు.

“నీ బతుకుతెరువు నేనే మింగేశానక్కా. నాలుగు తిట్టు,” అన్నాను.

అక్క ఒక గుండీ కుట్టింది. ఇంకొకటి కుట్టింది. మూడోదాని దారం పళ్ళతో తెంపి తలెత్తింది.

“నువ్వు కట్టలేవని సంతకం పెట్టిన రోజే తెలుసే పిచ్చిదానా. కట్టగలిగేదానివైతే నా పూచీ ఎందుకు? ప్రార్థనలో ఋణాల మాట దగ్గర వెనక వరసలోంచి నీ గొంతు వినపడక రెండేళ్ళయింది. ఈ ఆదివారం నా పక్కన కూర్చుని ఆ మాట గట్టిగా చెప్పు.”