వానకు నిలిచిన చెక్క నేల

పటమటలో తమ ఇంటి మేడమీద గదిలో సుస్మిత పన్నెండేళ్ళుగా కూచిపూడి నేర్పుతోంది. ఆ గ్రానైట్ నేల మీద అడుగులు వేసీ వేసీ మోకాలు దెబ్బతింది. రెండేళ్ళుగా కూర్చునే తాళం వేస్తూ పాఠం చెబుతోంది. ఈమధ్య పిల్లలూ మడమలు నొప్పి అంటున్నారు. చెక్క నేల వేయిద్దామంటే ఒక్క గది పనికి ఏ మేస్త్రీ రాలేదు. వీడియోలు చూసి తనే వేసుకుంటానంది.

భర్త జయంత్ వద్దనలేదు గానీ, నమ్మనూ లేదు. టేకు పలకలు మాత్రం కోయించి తెచ్చాడు. ఆమె గ్రానైట్ మీద రబ్బరు ముక్కలు పరిచి, వాటిపై కర్ర బద్దలు పేర్చి, ఆ పైన పలకలను ఒకదాని గాడిలో ఒకటి దూర్చి స్క్రూలు బిగించింది. వేసవి సెలవుల్లో పదకొండు రోజులు పట్టింది. ఏ గోడ దగ్గరా వెంట్రుకంత సందు లేదు. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

జూలైలో వారం పాటు వాన వదల్లేదు. ఒక పొద్దున తలుపు తీస్తే నేల నడిమధ్యన బెత్తెడు ఎత్తున ఉబ్బి ఉంది. ఎవరినైనా పిలుద్దామన్నాడు జయంత్. సుస్మిత గోడల వెంట తడిమి చూసింది. పలకల అంచులు గోడను గట్టిగా ఒత్తుతున్నాయి.

"తప్పు చెక్కది కాదండీ. చెమ్మకి ఉబ్బితే జరగడానికి చోటివ్వలేదు నేను" అంది.

"అయితే మళ్ళీ మొత్తం పీకుతావా?"

"పీకుతాను. మీరు పలకల వెనక నంబర్లు వేయండి, చాలు."

నంబర్లు వేయడంతో జయంత్ ఆగలేదు. రెండు రోజులు సెలవు పెట్టి రంపం అందుకున్నాడు. నాలుగు గోడల వెంటా బొటనవేలు పట్టేంత ఖాళీ వదిలి, అది కనబడకుండా సన్నటి బద్ద కొట్టారు.

వరదకి నది మీది బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన వారం వాన మరీ ముదిరింది. సుస్మిత రోజూ తెల్లవారగానే గదంతా వట్టి కాళ్ళతో నడిచి చూసేది. ఒక్క పలకా పైకి లేవలేదు. తొమ్మిదో రోజున తెరిపిచ్చింది. ఆమె గజ్జెలు కట్టుకుని, తాళం వేయమని జయంత్‌కి చెప్పింది.

మొదటి అడుగుకి నేల కాస్త లోపలికి ఒదిగి, పాదాన్ని మెల్లగా పైకి తోసింది. మోకాలు ఎక్కడ కలుక్కుమంటుందోనని ఊపిరి బిగబట్టింది. అనలేదు. జతి మొత్తం ఆడింది. మళ్ళీ ఆడింది. చప్పుడు విని అత్తగారు పద్మావతమ్మ మెట్లెక్కి వచ్చింది.

"ఎవరో పిల్ల అనుకున్నానే, నువ్వా!"

సుస్మిత ఆయాసపడుతూ నవ్వింది. ఆ సాయంత్రం పిల్లలకి కొత్త జతిని నోటితో చెప్పకుండా, ముందు నిలబడి ఆడి చూపించింది.