దుప్పటి రెండో కొస

మా ఆయన లాడ్జి ఎంచుకునే తీరు చూస్తే పెళ్ళిసంబంధం కుదుర్చుకుంటున్నాడేమో అనిపిస్తుంది. ఫోన్‌లో ముందుగా అడిగేది గదుల సంగతి కాదు. "ఓనరుగారు అక్కడే ఉంటారాండీ?" అని. ఉంటామన్నారంటే సగం మార్కులు పడిపోయినట్టే. పైన వాళ్ళ కాపురం, కింద నాలుగైదు గదులు, గుమ్మంలో ఇంటివాళ్ళ చెప్పులు, ఇవన్నీ కలిస్తే ఇక ఆ ఊళ్ళో ఇంకో చోటు ఆయన కంటికి ఆనదు. "పెద్ద హోటళ్ళలో మనం ఉత్త గది నంబర్లం. ఇక్కడైతే మనిషిని మనిషిలా చూస్తారు" అంటాడు.

పోయినేడు మాత్రం నేను నోరు తెరిచి అడిగాను. మేం వెళ్ళబోయే ఊళ్ళో సరస్సు ఒడ్డున ఆరంతస్తుల హోటలుంది, ఈసారికి అందులో దిగుదామని.

"అక్కడ మనల్ని ఎవరు పట్టించుకుంటారు?" అన్నాడు.

"అందుకే అడుగుతున్నాను."

జోకు వేశాననుకుని పగలబడి నవ్వాడు. మళ్ళీ అలాంటి ఐదు గదుల ఇల్లే ఒకటి ఖాయం చేశాడు.

నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఉతికి వచ్చిన దుప్పట్లు మడతపెట్టి వార్డులకు పంపించడం నా పని. అప్పటికి పందొమ్మిదేళ్ళుగా అదే. అంతకుముందు చలికాలంలో కుడిభుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేవడం మానేసింది. ఫిజియోథెరపీ అమ్మాయి నిక్కచ్చిగా చెప్పింది, పది రోజులు ఈ చేతికి ఏ పనీ చెప్పకండి, లేకపోతే ఇక నా దగ్గరికి రాకండి అని. పది రోజులు ఎవరిస్తారు? నాలుగు రోజుల సెలవు దొరికింది. ఆ నాలుగు రోజులూ కుర్చీలో కూర్చుని నీళ్ళకేసి చూడాలనీ, ఎవ్వరికీ ఏదీ అందించకూడదనీ ఒట్టు పెట్టుకున్నాను.

ఇంటాయన గేటు దగ్గరికే ఎదురొచ్చి మా ఆయన చేతిలో పెట్టె అందుకున్నాడు. నా చేతిలోది నా చేతిలోనే ఉంది. కాఫీ తాగేలోపు ఇద్దరూ వరసలు కలిపేసుకుని "బావగారూ, బావగారూ" అనుకోవడం మొదలుపెట్టారు. దాంతో నేను ఆయనకి చెల్లెమ్మనైపోయాను, ఆయన పెళ్ళానికి వదిననైపోయాను. నన్నెవరూ అడగలేదు.

తప్పు నాదీ ఉంది, దాచుకోను. ఆ సాయంత్రం సరస్సు వైపు వెళ్దామని వెనక తలుపు తీశాను. పెరట్లో తీగల నిండా దుప్పట్లు. ఇంటావిడ ఒక డబుల్ దుప్పటిని ఒక్కత్తే మడతపెట్టాలని అవస్థపడుతోంది. ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు రెండూ చాపినా అందక, కింది భాగాన్ని మట్టిలో ఈడుస్తోంది. పందొమ్మిదేళ్ళు అదే పని చేసినదాన్ని, చూస్తూ నిలబడడం నా వల్ల కాలేదు. వద్దనుకునేలోపే నా చేతులు వెళ్ళి రెండో కొస పట్టుకున్నాయి. లాగి, దులిపి, సగానికి వేసి, మళ్ళీ సగానికి వేసి, రెండడుగులు ముందుకెళ్ళి నా కొసలు ఆవిడ చేతిలో పెట్టేశాను. పోయిందనుకున్న తాళంచెవి దొరికినట్టు మొహం పెట్టిందావిడ.

"మా అమ్మాయి పెళ్ళై వెళ్ళినప్పట్నుంచీ రెండో చెయ్యి లేదు వదినా" అంది.

అది అక్కడితో పోయేదే. భోజనాల దగ్గర మా ఆయన ఊరుకుంటేగా.

"మా ఆవిడ చెయ్యి పడితే దుప్పటి ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది బావగారూ! ఆసుపత్రి మొత్తం ఆవిడ మడతల మీదే నడుస్తోంది."

నా పని గురించి ఆయన నోటివెంట అలాంటి మాట వినడం అదే మొదలు. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషించాను కూడా.

మర్నాడు పొద్దున ఏడింటికి తలుపు చప్పుడైంది. "వదినా, రెండంటే రెండు నిమిషాలు."

మా ఆయనకేసి చూశాను. ముసుగు తియ్యకుండానే "వెళ్ళు, పాపం ఒక్కత్తే చేసుకోలేదు" అన్నాడు.

ఆ రెండు నిమిషాలు ఐదు గదుల దుప్పట్లయ్యాయి. తర్వాత తలగడ గలీబులు. తర్వాత, ఎలాగూ చేతిలో ఉన్నాయి కదా అని, వాటిని గదుల్లో పెట్టి రావడం. వరండాలో సరస్సుకు ఎదురుగా ఉన్నవి రెండే కుర్చీలు. రెండింట్లోనూ బావగార్లే. కాళ్ళు బార్లా చాపుకుని, పెద్ద హోటళ్ళలో మనుషుల మీద ప్రేమ ఎలా కరువైపోయిందో మాట్లాడుకుంటున్నారు. ఇంటాయన టీ అని కేకేస్తే, పెరట్లో ఆడవాళ్ళం ఇద్దరమూ ఒకేసారి తలెత్తాం.

మూడో రోజు బావగార్లు పడవ షికారుకు వెళ్ళారు. కుర్చీ ఖాళీ అయింది. పరుగున వెళ్ళి కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది, నీళ్ళ మీద ఎండ పడుతోంది. పది నిమిషాలు కూడా కాలేదు, నాలుగో గదిలో దిగినాయన మెడలో తువ్వాలేసుకుని వచ్చాడు.

"ఏమ్మా, మా బాత్రూములో వేడినీళ్ళు రావట్లేదు. కాస్త చూస్తావా?"

నేనూ మీలాగే డబ్బు కట్టి వచ్చినదాన్నేనండీ అందామని నోరు తెరిచాను. "ఇప్పుడే చూస్తానండీ" అన్న మాట వచ్చింది. లోపలికి నడుస్తుంటే నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది.

మా ఆయన తిరిగి రాగానే గదిలో నిలదీశాను. "నా భుజం చూశారా? జాకెట్టు చెయ్యి కూడా ఎక్కించుకోలేకపోతున్నాను. నేనిక్కడికి చాకిరీ చెయ్యడానికి రాలేదు."

"చాకిరీ ఏమిటి? ఇంట్లో మనిషిలా కలుపుకున్నారు నిన్ను. ఈ రోజుల్లో ఇంత ఆదరణ ఎక్కడ దొరుకుతుంది?"

"ఆదరణ మీకు. దుప్పట్లు నాకు."

"నీకు ఏది చూసినా తప్పే కనిపిస్తుంది" అని సబ్బు పట్టుకుని స్నానానికి వెళ్ళిపోయాడు.

రేపు ఆవిడకి నేనే చెప్పేస్తానని నిశ్చయించుకున్నాను. చెప్పలేదు. పొద్దున తలుపు తీసేసరికి ముందు ఆవిడ చేతులు కనిపించాయి. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు పగుళ్ళు విచ్చి ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒడ్డున కాపురముంటూ ఒక్కసారీ పడవెక్కలేదట. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి మనసు రాలేదు. ఆ కోపమంతా ఎవరి మీద చూపించాలో ఆ మనిషి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళి కొస పట్టుకున్నాను.

వచ్చేసేటప్పుడు ఆవిడ నా కుడిచెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నొప్పికి ప్రాణం పోతున్నా విడిపించుకోలేదు. అభిప్రాయాల పుస్తకంలో మా ఆయన పేజీన్నర రాశాడు. చివరి వాక్యం పైకి చదివి వినిపించాడు కూడా, "అచ్చం సొంతింట్లో ఉన్నట్టే ఉంది" అని. అబద్ధమని ఎలా అంటాను? నాకూ అచ్చం అలాగే ఉంది.

సోమవారం డ్యూటీలో చెయ్యి లేవలేదు. నెల రోజులు చూసి, మా పైఅధికారి నన్ను మడతల బల్ల దగ్గర్నుంచి తీసేసి మాసిన బట్టలు ఏరే గదిలో వేసింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నెత్తురు మరకలున్నవి ఒక పక్కకీ మిగతావి ఇంకో పక్కకీ విసరాలి. అది ఎడంచేత్తోనైనా చెయ్యొచ్చని జాలిపడి ఇచ్చిన పని. నా చేతిలో ఉన్న ఒక్క పనితనమూ అలా పోయింది. ఇంటికొచ్చి చెబితే, "మంచిదేగా, మడతలు పెట్టే బాధ తప్పింది" అన్నాడు మా ఆయన.

ఈ ఏడు సెలవులు దగ్గరపడగానే మళ్ళీ అక్కడికే ఫోన్ చేశాడు. నేను కూడా వినాలని స్పీకరు పెట్టాడు.

"మీకు గది లేకపోవడమేమిటి బావగారూ! మొదటి గదే ఉంచుతాను. చెల్లెమ్మ కూడా వస్తోంది కదా?"

"రాకేం?" అన్నాడు ఈయన, నాకేసి చూసి కళ్ళెగరేస్తూ.

"నేను రావట్లేదు" అన్నాను, అటువైపు వినపడేలా. "ఆయన ఒక్కరే వస్తారు."

 అటువైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. "అయ్యో, చెల్లెమ్మ రావట్లేదా... ఉండండి బావగారూ, ఇదిగో, ఇప్పుడే చూశాను. ఆ వారమంతా నిండిపోయినట్టుంది. ఏమీ అనుకోకండేం."

మా ఆయన ఫోన్ పట్టుకుని కొయ్యబారిపోయాడు.  వేళకి చేతికొచ్చిన టీ, గేటు దాకా వచ్చి సాగనంపడం, మళ్ళీ రమ్మన్న ఆ పిలుపులు, అవన్నీ ఎవరి చేతుల పుణ్యమో ఆయనకి తెలిసొస్తోంది. కళ్ళారా చూశాను. జాలేసింది కూడా. ఇప్పటికైనా ఒక్క మాట అంటాడేమో, ఈ భుజంకేసి ఒక్కసారి చూస్తాడేమో అని అక్కడే నిలబడ్డాను.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. 

"పోనీ నువ్వూ రారాదూ?" అన్నాడు. "పూటకి ఓ ఐదారు దుప్పట్లే కదా."

ఇన్నేళ్ళూ ఆయనకి తెలియదనుకునే కాపురం చేశాను.