పొడి సరుకు

బెల్టు మళ్లీ ఆగింది. ఎండకు తారు మెత్తబడి, ఇళ్ల కప్పుల మీంచి పీకిన షింగిల్స్ ఒకదానికొకటి అతుక్కుని, గ్రైండర్ నోటి దగ్గర పెద్ద ముద్దగా ఇరుక్కుపోయాయి. శ్యామ్‌సుందర్ స్విచ్ ఆపి, గడ్డపార పట్టుకుని మెషిన్ మీదికెక్కాడు. రెండు పోట్లు పొడిచాడో లేదో దగ్గు వచ్చింది. గడ్డపార మీద వాలి, దగ్గు తగ్గేదాకా అలాగే ఉండిపోయాడు.

కింద బెల్టు పక్కన నిలబడి మేకులు ఏరుతున్న శశికళ తలెత్తి చూసింది. మొగుడి పాత చొక్కాయే వేసుకుని పనిచేస్తుందామె. ఆ చొక్కా చేతితో మొహం తుడుచుకుంటే నల్లటి మరక ఇంకాస్త పరుచుకుంది తప్ప మొహమేమీ శుభ్రపడలేదు.

"దిగండి. కాసేపు కూర్చోండి," అంది.

"ఇది తియ్యకపోతే లారీ నిండదు," అన్నాడు శ్యామ్‌సుందర్. మళ్లీ పొడవటం మొదలుపెట్టాడు.

పంతొమ్మిదివందల ఎనభై ఆరు ఆగస్టు. అమెరికాలో నెవార్క్ ఊరు దాటాక రైలు పట్టాలకీ మురికి కాలవకీ మధ్యనున్న ఆ యార్డులో నీడ అనేది లేదు. చుట్టుపక్కల ఊళ్లలో పాత ఇళ్లకు కొత్త కప్పులు వేయించుకునేవాళ్లు పీకేసిన తారు పలకలన్నీ లారీల్లో వచ్చి అక్కడ గుట్టలు పడేవి. వాటిలోంచి మేకులూ చెక్కముక్కలూ రేకులూ ఏరేసి, మిగిలింది పొడికొట్టి, రోడ్ల గుంతలు పూడ్చే తారు ప్లాంటుకు అమ్మడం రామమోహన్ వ్యాపారం. చెత్తలోంచి బంగారం తీశాడని తెలుగువాళ్ల పండగ సభల్లో ఆయన్ను వేదిక మీదికి పిలిచేవారు. పాత ఇంటి కప్పు కొత్త రోడ్డవుతుందని ఆయన చెబితే అందరూ చప్పట్లు కొట్టేవారు. బెల్టు దగ్గర ఎవరు నిలబడతారని అడిగినవాళ్లు లేరు.

రామమోహన్ భార్య లలిత, శ్యామ్‌సుందర్‌కి సొంత అక్క. చీరాలలో నూలు మిల్లుకు తాళం పడి తమ్ముడు వీధిన పడ్డప్పుడు, ఆమే కాగితాలు పెట్టి మొగుడూ పెళ్లాల్ని అమెరికా రప్పించింది. పార్సిప్పనీ ఊళ్లో వాళ్లింటి బేస్‌మెంట్‌లోనే కాపురం. గంటకి మూడు డాలర్ల చిల్లర కూలి, అందులో అద్దెకింద సగం పోతుంది. అది న్యాయమా కాదా అన్న ఆలోచన వాళ్లకు వచ్చేది కాదు. తీసుకొచ్చినవాణ్ణి నిలదీయడం వాళ్ల ఇంటా వంటా లేదు.

గ్రైండర్ మీద ఒక నీళ్ల పైపు ఉంది. నీళ్లు చిలకరిస్తూ ఆడిస్తే దుమ్ము లేవదు. ఎండాకాలం మొదలయ్యేదాకా అది పనిచేసింది కూడా. తరవాత, తడి సరుకు ఆరబెట్టడానికి బాయిలర్ నూనె ఖర్చవుతోందని ప్లాంటువాళ్లు లారీలు వెనక్కి తిప్పి పంపారు. ఆ సాయంత్రమే రామమోహన్ వచ్చి వాల్వు బిగించేశాడు. అప్పట్నుంచి యార్డు మీద బూడిదరంగు మబ్బు ఒకటి కదలకుండా నిలబడి ఉంటోంది. ఇచ్చిన కాగితం మాస్కులు మధ్యాహ్నానికే చెమటకు తడిసి మూతికి అంటుకుపోయేవి. అవి తీసేస్తేనే ఊపిరాడేది.

ముద్ద తీసి మెషిన్ మళ్లీ తిప్పబోతుంటే, సరుకు ఎత్తిపోసే లోడర్ బండి నడిపే లూయిస్ అరుస్తూ చేతులూపాడు. పొద్దున వచ్చిన లోడు అతని ముందు ఉంది. నల్లటి తారు పలకల కింద, పాత పొర ఒకటి ఉంది. బూడిదరంగు బిళ్లలు, పట్టుకుంటే పెంకుల్లా విరుగుతున్నాయి. విరిగినచోట తెల్లటి సన్నటి నూగు.

"ఆస్‌బెస్టాస్," అన్నాడు లూయిస్. ప్యూర్టోరికో మనిషి. అంతకు ముందు ఓడల మరమ్మతు యార్డులో చేశాడు. అక్కడ తనతో చేసిన వాళ్లు ఆ నూగు పీల్చి ఎలా పోయారో శ్యామ్‌సుందర్‌కి చేతులతో, కళ్లతో చెప్పాడు.

ఫోన్ చేస్తే రామమోహన్ కార్లో వచ్చాడు. బిళ్ల ఒకటి చేతిలోకి తీసుకుని, చూసి, పడేశాడు.

"వీటికి స్పెషల్ డంప్ ఉంది. వాడు చార్జ్ చేసేదానికి నేను యార్డ్ క్లోజ్ చేసుకోవాలి," అన్నాడు బామ్మర్దితో. "ఇవి ముప్ఫై ఏళ్లు ఇళ్ల మీదే ఉన్నాయిగా శ్యామ్? కింద ఫ్యామిలీస్ ఉన్నాయిగా? కొంచెం కొంచెం మిక్స్ చేసి ఆడించెయ్యి. వర్రీ కావద్దు."

లూయిస్‌కి తెలుగు రాదు. అయినా అర్థమైంది. చేతి తొడుగులు ఊడదీసి లోడర్ సీటు మీద పెట్టాడు. "నో, బాస్," అని గేటు దాటిపోయాడు. ఆ సాయంత్రం నుంచి లోడర్ కూడా శ్యామ్‌సుందరే నడిపాడు.

శశికళ ఆగలేక అడిగింది. "అన్నయ్యగారూ, ఆ నీళ్లన్నా వదలండి. ఈయన దగ్గు చూస్తన్నారుగా."

"నీళ్లు పెడితే ప్లాంట్ రిజెక్ట్ చేస్తుందమ్మా. వాళ్లకి పొడి సరుకు కావాలి. నేనేం చెయ్యను?"

ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె మళ్లీ ఆ మాటే ఎత్తితే శ్యామ్‌సుందర్ విసుక్కున్నాడు. "మిల్లులో పత్తి దుమ్ము తినలా? ఇదీ అట్టాంటిదే. బావ కావాలని చేత్తన్నాడా ఏంది?"

దగ్గు తగ్గలేదు. మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. రామమోహన్ స్నేహితుడు డాక్టర్ రాధాకృష్ణ ఒక ఆదివారం ఫీజు లేకుండా చూశాడు. ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూశాడు.

"ఇప్పుడు కనిపించేది బ్రాంకైటిస్. మందులకి తగ్గుతుంది. లోపలికి పోయింది మాత్రం ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేను. పదేళ్లు, ఇరవై ఏళ్లు. అసలు పడకపోవచ్చు. ఆ డస్ట్‌లో మాత్రం పని మానెయ్యాలి."

శశికళ ఒళ్లో చేతులు ముడుచుకుని వింటోంది. "ఆ మాట మీరు అన్నయ్యగారితో చెబుతారా?"

డాక్టరు ఫిల్మ్‌ని కవర్లో పెట్టేశాడు. "నేను చెప్పానని అనకండమ్మా. మేం ఫ్యామిలీ ఫ్రెండ్స్."

అక్టోబరులో, కార్మికుల రక్షణ చూసే సర్కారు ఆఫీసులో లూయిస్ ఫిర్యాదు ఇచ్చాడని తెలిసింది. అక్కణ్ణుంచి తనిఖీకి మనిషి వస్తున్నట్టు రామమోహన్‌కి ముందే కబురందింది. ఆ పొద్దున పైపులోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. బూడిదరంగు బిళ్లల గుట్టను లారీలో ఎక్కించి ఎక్కడికో పంపేశారు. యార్డంతా తడిసి, కడిగిన వాకిలిలా ఉంది. ఇంతకాలానికి మొదటిసారి రైలు పట్టాల అవతలి చెట్లు స్పష్టంగా కనిపించాయి. ఆకులు ఎర్రబడ్డాయని శశికళ అప్పుడే చూసింది.

వచ్చింది ఒక ఆడమనిషి. హెల్మెట్ పెట్టుకుని, మెషిన్ చుట్టూ తిరిగి, బెల్టు దగ్గర ఆగింది. శశికళకి అర్థమయ్యేలా నెమ్మదిగా అడిగింది, నీళ్లు రోజూ ఇలాగే వస్తాయా అని.

శశికళ రామమోహన్ వైపు చూసింది. ఆయన నవ్వుతూ తలూపాడు.

"టుడే వాటర్," అంది. "ఎవ్రీ డే, నో వాటర్."

ఆ మనిషి రాసుకోబోతుంటే రామమోహన్ పెద్దగా నవ్వి, ఆవిడకి ఇంగ్లీష్ రాదని, ఆవిడ భర్త ఫోర్‌మన్ అని, అతన్ని అడగమని ఇంగ్లీషులో చెప్పి శ్యామ్‌సుందర్‌ని పిలిచాడు. తను ఫోర్‌మన్ అన్న సంగతి శ్యామ్‌సుందర్ ఆనాడే మొదటిసారి విన్నాడు.

అదే ప్రశ్న. శ్యామ్‌సుందర్ పెళ్లాం మొహంలోకి చూడలేదు. తడి నేలకేసి చూస్తూ, "ఎవ్రీ డే వాటర్, మేడమ్. మై వైఫ్, నో ఇంగ్లీష్," అన్నాడు. చివరి మాటతో పాటే దగ్గు తెరలుగా వచ్చింది. ఆ మనిషి పెన్ను పట్టుకుని, దగ్గు ఆగేదాకా నిలబడింది. ఒంట్లో బాగాలేదా అని అడిగింది. చలికాలం వస్తోందిగా అని రామమోహనే జవాబు చెప్పాడు. ఆమె ఇంకాసేపు చూసి, కాగితం మీద ఏదో రాసి, కారెక్కి వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగాక వాల్వు మూతపడింది.

సాయంత్రం లలిత పులిహోర గిన్నెతో బేస్‌మెంట్‌లోకి దిగింది.

"నీ నోటికి ఆ మాట ఎట్టా వచ్చిందే శశీ? యార్డు మూసేస్తే మీరు బతకొద్దా, మేము బతకొద్దా? పైకొచ్చి ఒక్కసారి సారీ చెప్పు. ఆయన మనసు మంచిది. మర్చిపోతారు."

"వదినా, మీ తమ్ముడి దగ్గు మీకు పైకి వినపడటంలా?"

లలిత మెట్టు మీద కూలబడింది. గిన్నె ఒళ్లోనే ఉంది. "వినపడకేం," అంది. "మీ అన్నయ్య టీవీ సౌండు పెంచుతారు. నేనేం చెయ్యనే?"

సారీ చెప్పడానికి శశికళ పైకి వెళ్లలేదు. శ్యామ్‌సుందర్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. "నిజం చెప్పి ఎక్కడికి పోదామనుకున్నావు?" అన్నాడు, గోడతో అన్నట్టు. కోపంగా అన్నా బాగుండేది.

మర్నాటినుంచి ఆమెను పనిలోకి రావద్దన్నారు. ఆమె చోట మేకులు ఏరడం కూడా శ్యామ్‌సుందర్ మీదే పడింది. ఊళ్లో దుకాణాల్లో పని అడిగితే దొరకలేదు. కారు నడపడం రాకుండా అక్కడ ఎక్కడికీ వెళ్లలేరు.

నవంబరులో రామమోహన్ పినతండ్రి కొడుకు శ్రీధరూ, అతని భార్య ఉషా ఇండియా నుంచి దిగారు. విమానం బడలిక తీరిందో లేదో, ఒక తెల్లవారుజామున వాళ్లను యార్డుకి తీసుకెళ్లడానికి వ్యాన్ ఎక్కించారు. శ్యామ్‌సుందర్ మర్చిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి శశికళ వాకిట్లోకి వచ్చింది. మంచు పడలేదు గానీ నేల బిగుసుకుపోయి ఉంది.

ఉష వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది. చీర మీద ఎవరిదో పాత కోటు. ఒళ్లో కొత్త చేతి తొడుగులు, ధర చీటీ ఇంకా ఊడలేదు. శశికళను చూసి ఆప్యాయంగా నవ్వింది.

"అక్కా, మీరూ అక్కడే చేశారంట గదా. కష్టంగా ఉంటదా? మేకులు ఏరుకోడమే అన్నారు బావగారు."

ముందు సీట్లో శ్యామ్‌సుందర్ కదల్లేదు. స్టీరింగ్ దగ్గర్నుంచి రామమోహన్, "డోర్ వెయ్యమ్మా, లేట్ అవుతోంది," అన్నాడు.

డబ్బా శశికళ చేతిలోనే ఉంది. రెండో చెయ్యి వ్యాన్ తలుపు మీద పడింది. ఇనుము చల్లగా కొరికింది.

"దిగమ్మాయ్," అంది.

ఉష పరిహాసమనుకుని నవ్వి, మొగుడి వైపు చూసింది. శ్రీధర్, రామమోహన్ వైపు చూశాడు. రామమోహన్ హారన్ కొట్టాడు. పై అంతస్తులో కిటికీ తెర కదిలి, మళ్లీ సర్దుకుంది. శ్యామ్‌సుందర్ ఏదో అనబోయాడు, దగ్గు అడ్డం వచ్చింది.

"దిగు," అంది శశికళ మళ్లీ. రామమోహన్ ఇటువైపు దిగివస్తున్నాడు. ఆమె తలుపు వదల్లేదు.