వెనక్కి వచ్చే తీగ

జులై తొమ్మిది, గురువారం, ఉదయం పదిన్నర. మా వర్క్‌షాపులో ఉన్నవారు: నా భర్త, మరిది, అత్తగారు, మా ఆంప్లిఫయర్లు కొనడానికి వచ్చిన షోరూం యజమాని. ట్రేలో టీ పట్టుకుని నేనూ ఉన్నాను. కప్పు అందుకున్న వారెవరూ తలెత్తలేదు కనుక ఆ లెక్కలోకి రాను.

ఆ ఆంప్లిఫయర్ డిజైన్ నాది. వంటకూ బట్టలకూ అత్తగారి మందులకూ మధ్య దొరికిన అరగంటల్లో, ఏడు నెలలు పట్టింది. స్పీకరుకు వెళ్లే ధ్వనిలో రవ్వంతను తలకిందులు చేసి, ఒక తీగ మీదుగా, ధ్వనిని పెంచే మొదటి గాజు వాల్వుకు తిరిగి పంపుతాను. యంత్రం తన తప్పును తానే విని దిద్దుకుంటుంది. అందుకు కొంత బిగ్గరతనం వదులుకోవాలి. "ఎవరైనా సౌండు పెంచుకుంటారుగానీ తగ్గించుకుంటారటే?" అని నా భర్త నెలంతా నవ్వాడు. "ఏం చెప్పినా ఎదురు తిప్పడం దీని గుణం. పెట్టెకీ అదే నేర్పింది," అన్నారు అత్తగారు.

నా భర్త స్విచ్ వేశాడు. పెట్టె ఊళ పెట్టింది. యజమాని చెవులు మూసుకున్నారు.

"మా ఆవిడ చెయ్యి పెట్టిందండీ ఇందులో," అన్నాడు నా భర్త.

"కూర మాడ్చినట్టే మాడ్చావు వదినా!" మరిది. అందరూ నవ్వారు.

కరెంటు తీసి మూత విప్పాను. స్పీకరు వైపు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే రెండు తీగలూ తారుమారయ్యాయి. "వీటినెవరు కదిపారు?"

"అన్నయ్యే. ఎర్రది పైనుంటే అందంగా ఉంటుందని..."

అందానికట! దిద్దవలసిన ధ్వని తలకిందులు కాకుండానే వెనక్కి వెళ్లి, తప్పుకే వంతపాడుతోంది. ఈ ఇంట్లో ఆ పనికి మనుషులు చాలరా? కెపాసిటర్లలో మిగిలిన విద్యుత్తు దించి, తీగలు మార్చి టంకం వేశాను. ఈసారి పాటలో గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

"అద్భుతం సార్!" యజమాని ఒప్పంద పత్రం రెండు ప్రతులు తీశారు. "డిజైన్ చేసినవారి పేరు, సంతకం ఇక్కడ. ప్రతి పెట్టె మీదా ఆ పేరే వేస్తాం."

నా భర్త వాటిని నా ముందుకు తోశాడు. "నా పేరు రాయవే, నీ దస్తూరి బాగుంటుంది. సంతకం నేను పెడతా."

రెండింటి మీదా నా పేరు రాసి, నేనే సంతకం పెట్టాను.

"ఏంటిది? పదిమందిలో పరువు తీస్తావా?"

"ఆ తీగ వెనక్కి ఎందుకు వస్తుందో ఆయనకి చెప్పండి. చెప్తే ఇప్పుడే చింపేస్తాను."

అతడు తమ్ముడివైపు చూశాడు.

"ఎందుకమ్మా?" యజమాని నన్నే అడిగారు.

చెప్పాను. పూర్తయ్యేసరికి ఒంటిగంట దాటింది, పొయ్యి వెలగలేదు. ఆయన తన ప్రతి తీసుకున్నారు. రెండోదాన్ని నాలుగు మడతలు పెట్టి, నా డిగ్రీ పట్టా ఉన్న ఫైల్లో దాచి, బీరువా తాళం వేశాను.