గిల్దార్దో తిన్న నాన

కీరోగా ఊరి కూడలిలో మా రాగి గంగాళం ఉంటుంది. పంది మాంసాన్ని దాని కొవ్వులోనే వేయించి, మొక్కజొన్న రొట్టెల్లో చుట్టి టాకోలుగా అమ్ముతాం. మెత్తని కండ ఎవరైనా వండుతారు. పొట్ట, పేగులు, చర్మం, వీటిని ఉప్పూ నిమ్మకాయా వేసి రుద్ది రుద్ది కడగడంలోనే ఉంది అసలు పని. ఆ పని నాది. అందుకే మా దగ్గర తినడానికి వచ్చే గిల్దార్దో నాతో పెళ్లి మాటెత్తిన రోజున నాకు ఒళ్లు మండింది.

మనిషి మంచివాడే. ఉత్తరాన సోనోరా నుంచి లారీ తోలుకొస్తాడు. భార్య పోయింది, నాకూ మొగుడు లేడు. కానీ గంగాళం ముందు నిలబడితే ఒకటే పాట, “కండ మాత్రమే వేయండి.” మిగతావాటిని చూస్తే ముక్కు చిట్లిస్తాడు. వాళ్ల వైపు గొడ్డు మాంసం తప్ప ఇంకేదీ తిండి కాదట. నేను కడిగినదాన్ని నోట పెట్టలేనివాడు నా చేయి ఎలా పట్టుకుంటాడు? అవుననకుండా, కాదనకుండా నాన్చుతూ వచ్చాను.

ఆ ఆదివారం పొద్దున, మా తమ్ముడు క్రిస్పీన్ కొత్తగా రాసిన బోర్డు చదవగానే గిల్దార్దో ముఖం వెలిగిపోయింది.

“నాన ఉందా? ఇన్నాళ్లూ చెప్పరేం? అవే రెండు వేయండి.”

నేను బిత్తరపోయాను. మా దగ్గర నాన అంటే పంది గర్భసంచి. క్రిస్పీన్ కిక్కురుమనకుండా తరిగి ఇచ్చాడు. ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు.

“మా నాన కూడా ఇంత మెత్తగానే వండేదండీ. మా అమ్మమ్మ. నన్ను పెంచింది ఆవిడే.”

అప్పుడు వెలిగింది నాకు. సోనోరాలో నాన అంటే అమ్మమ్మ. ఈ మహానుభావుడు అమ్మమ్మ చేతి వంటనుకుని లాగించేస్తున్నాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను. ఆ వెంటనే భయం వేసింది. చెబితే ఈయన మళ్లీ ఈ ఛాయలకు రాడు. రాకపోతే నాకు బాధే, దాచుకోవడమెందుకు.

“ఇంకోటి వేయమంటారా, బావగారూ?” అన్నాడు క్రిస్పీన్.

“బావేంట్రా, నీ మొహం,” అని కసిరాను. “ఆగండి గిల్దార్దో గారూ. అది అమ్మమ్మ వంట కాదు. పంది గర్భసంచి.”

నమిలే దవడ ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. ఎలాగో మింగి, చెంబెడు నీళ్లు తాగి, లారీ వైపు నడిచాడు.

“పోతే పోనీలే అక్కా,” అన్నాడు క్రిస్పీన్.

“నోర్ముయ్,” అన్నాను. లారీ వైపే చూస్తున్నాను.

లారీ కదల్లేదు. కాసేపటికి ఆయన ముఖం తుడుచుకుంటూ వచ్చి మళ్లీ అదే చోట నిలబడ్డాడు.

“దాన్ని కడిగేది మీరేనా?”

“నేనే. ఇంకెవరు కడుగుతారు?”

“ఇందాకటివి తెలియక తిన్నాను, అవి లెక్కలోకి రావు. ఇప్పుడు తెలిసి తింటాను. ఒకటి వేయండి.”

క్రిస్పీన్‌ని పక్కకు నెట్టి నేనే తరిగాను. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని, చెమటలు కక్కుతూ, ముక్క ముక్కా నమిలాడు. నచ్చలేదని ఆ ముఖమే చెబుతోంది. అయినా చివరి ముక్కదాకా తిని, కళ్లు తెరిచి, “ఇంకోటి కూడా తినమంటే తింటాను,” అన్నాడు.

“వద్దులెండి,” అన్నాను. “పెళ్లికి మీకెప్పుడు వీలవుతుందో చెప్పండి.”