పచ్చదారం ముడి

పీలికల గుట్టలోంచి పసిబిడ్డ ఏడుపు వినపడగానే షెడ్డులో కుట్టుమిషన్లన్నీ ఆగిపోయాయి. ఒక్కటి మాత్రం నడుస్తూనే ఉంది. దాని ముందు కూర్చున్న మనిషిని అందరూ పచ్చదారం అంటారు. ఆ ఏడుపు ఎవరిదో ఆమెకు తెలుసు. మొన్న తన గదిలో, తన చేతుల్లోకే పుట్టాడు వాడు.

కన్నది గుండీలు కుట్టే పిల్ల, కటింగ్ మాస్టారి చెల్లెలు. కడుపు చేసినవాడు ఊరొదిలి పోయాడు. వదులు చొక్కాల కింద అన్నకు కూడా తెలియకుండా దాచుకొచ్చింది. "నాలుగు రోజులు ఓపిక పట్టవే, ఏదో దారి చూస్తా" అని పచ్చదారం ఎంత చెప్పినా వినలేదు. పక్కగదివాళ్ళకు తెలిసిపోతుందని హడలిపోయి, పొద్దున్నే తెచ్చి ఇక్కడ వదిలింది. ఇప్పుడు కుక్కిన పేనులా కూర్చుంది, గుండీల డబ్బాను గుండెకు అదుముకుని. డబ్బా వెనక చొక్కా పాలతో తడిసిపోతోంది.

బిడ్డను మాస్టారే ఎత్తాడు. వాడి ఒంటిమీది చిన్న చొక్కా అంచు తిప్పి చూసి, అలాగే నిలబడిపోయాడు.

ఆ షెడ్డులో ముడికింత అని కూలి. ఎవరి ముక్కకు వాళ్ళు లోపలివైపు తమ రంగు దారంతో ముడి వెయ్యాలి. ఆమె కుట్టి తొడిగిన పసివాడి చొక్కాకూ పచ్చముడి పడింది. పాడు అలవాటు! చేతులు వాటంతటవే వేసేశాయి.

వంకర లేని కోతలన్నీ మాస్టారు ఆమె బల్లకే పంపేవాడు. "మాస్టారి కత్తెరకు కళ్ళున్నాయే తల్లీ!" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. వచ్చే నెలలో వాళ్ళిద్దరికీ పెళ్ళి. గుండీల పిల్ల ఇప్పటినుంచే వదినా అని పిలుస్తోంది.

"ఎవరిదో తేల్చండి. సరుకు కొనేవాళ్ళొచ్చే వేళ ఇదేం గోల? తేలకపోతే అందరికీ ఈ వారం కూలి కట్!" అన్నాడు యజమాని.

మాస్టారు ఆమె దగ్గరికి వచ్చాడు. "ముడి నీదే. ఎవరికి కుట్టిచ్చావో చెప్పు చాలు. నమ్ముతా."

ఆమె మిషన్ తొక్కుతూనే ఉంది.

"ఎవర్ని కాపాడుతున్నావ్? కన్నబిడ్డను చెత్తలో పారేసిందాన్నా? నా చెల్లెలే ఇలాంటి పని చేసుంటే ఈ కత్తెరతోనే పొడిచేసేవాణ్ణి."

అన్నంత పనీ చేస్తాడు. అదే ఆమె భయం. ఆ మనిషంటే ఆమెకు ప్రాణం, అయినా ఆ క్షణాన అసహ్యం వేసింది. లేచి బిడ్డను అందుకుంది. వెళ్ళి గుండీల పిల్లకు అడ్డంగా నిలబడింది.

"నాదే," అంది.

ఎవరో కాండ్రించి ఉమ్మారు. "దాన్ని అక్కడ పడేసి బయటికి నడు," అన్నాడు యజమాని. మాస్టారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆయన ఆమెకు దగ్గరగా జరిగాడు.

"కింద పెట్టెయ్. ఎవరైనా తీసుకుపోతారు. ఏం జరిగిందో నేనడగను. మన పెళ్ళి ఆగదు."

ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో! ఇలా వస్తుందనుకోలేదు. ఏడుపు ముంచుకొచ్చింది.

"పెట్టను."

ఆమె వెనక గుండీల డబ్బా దబ్బున నేలమీద పడింది. గుండీలు దొర్లుకుంటూ వెళ్ళి మాస్టారి కాళ్ళ దగ్గర ఆగాయి. ఆయన తలెత్తి చెల్లెలి తడిసిన చొక్కా వైపు చూశాడు.