మసకలో అమ్మ

అమ్మ ఎన్నో సినిమాల్లో గుంపులో నిలబడింది. ఆమె పోయాక అవన్నీ పెట్టుకుని వెతికాను. ప్రతిదాంట్లోనూ హీరోయిన్ కనురెప్పలతో సహా కనిపించేది. వెనక అమ్మ మసకలో కరిగిపోయేది.

ఆ సినిమాలు తీసిన కెమెరామేన్ ఇంటికి వెళ్లాను.

“అమ్మ ఎక్కడా సరిగ్గా కనపడదేంటి బాబాయ్?”

“మంచి లెన్స్ పనే అదమ్మా. ఒక్క ముఖాన్ని తేల్చి చూపిస్తుంది, వెనకున్నదంతా కరిగించేస్తుంది,” అన్నాడు. లేచి బీరువా తెరిచాడు. “ఉండు తల్లీ. హీరోయిన్ వచ్చేలోపు లెన్స్ సరిచూసుకోవడానికి మీ అమ్మనే నిలబెట్టేవాళ్లం.”

ప్రొజెక్టరు మీద పాత రీలు తిరిగింది. తెర నిండా అమ్మ ముఖం. ముక్కు పక్కన పుట్టుమచ్చ, పెదవి మీద చెమట. శబ్దం లేదు. కెమెరా వైపు చూసి ఏదో అడిగి నవ్వింది.

“ఏమడిగింది బాబాయ్?”

“గుర్తులేదమ్మా.”

“మళ్లీ వేస్తావా?”

ప్రొజెక్టరు వేడెక్కేదాకా వేస్తూనే ఉన్నాడు. అమ్మ ఏమడిగిందో మాత్రం నాకు అందలేదు.